నార్మనులో మేము చూచిన యాకాశము

మా చెల్లెలు కాపురముండుటచే గడచిన వేసవి సెలవులలో మేము దంపతులము అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున నార్మన్ పట్టణమునకు వెళ్లితిమి. ఆ ప్రదేశము మన కృష్ణా లంకలవలె చదునైన నేల. తాటిచెట్లు మాత్రము లేవు. ఎటు చూచినను ఆకాశమే. ఆ యాకాశమును గూర్చియే సోదరీమణులకు నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వసంతకాలమున నచ్చట టోర్నడోలను సుడిగాలులు పుట్టును. అవి మబ్బునుండి ఏనుగు తొండమువలె దిగి, నేలనంటిన చోట ఇండ్లను పెల్లగించును. 2013 మే 20వ తేదీన ప్రక్కనున్న మూర్ పట్టణమున నట్టిదొకటి 24 మందిని బలిగొన్నది. వారిలో ఏడుగురు ఒకే పాఠశాలలోని పిల్లలు. ఆ సంగతి వినినది మొదలు మావారు ఆ త్రోవను పోవునపుడెల్ల మాటలాడలేదు. వారు బడిపంతులు గదా!

నార్మనులో 2006లో తెఱచిన జాతీయ వాతావరణ కేంద్రమను గొప్ప భవనము కలదు. రాడారు యంత్రములుండగా మనుష్యుల కన్నులతో నేమి పనియని పొరుగింటి పెద్దమ్మను అడిగితిమి. ఆమె విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయిని. వంటయింటిలోని పుచ్చకాయపై కత్తిని ఆనించి చూపినది. భూమి గుండ్రన, రాడారు కిరణము భూమితోపాటు అంతగా వంగదు. 100 కిలోమీటర్ల దూరము పోవునప్పటికి అది నేలకు కిలోమీటరున్నర యెత్తున నుండును. దానిక్రింద జరుగునది యంత్రమునకు కానరాదు. సుడిగాలి నేలనంటినదో లేదో చూచినవారే చెప్పవలెను.

ఈ పెద్దమ్మ పరీక్షలో నెగ్గి హామ్ రేడియో అనుమతి పొందినది. ఆ పనికి జీతము పుచ్చుకొనరాదని చట్టమే కలదు. వాతావరణ శాఖవారు స్కైవార్న్ అను పేర, మబ్బుల పోకడ గుర్తించుట ఉచితముగా నేర్పుదురు. ఆ దేశమున నట్లు నేర్చినవారు 3 లక్షలకు పైబడియున్నారు. అందఱును హాములు కారు. కాని విద్యుత్తు, టెలిఫోను రెండును పోయిన వేళ బ్యాటరీతో పలుకగలది హామ్ రేడియో.

ఒకనాటి సాయంకాలము పడమటి మబ్బు పండిన నేరేడువలె నల్లబడెను. పెద్దమ్మ తన కారులో ఊరి వెలుపలికి పోయెను. మేము పిల్లలతో చెల్లెలింటి నేలమాళిగలో చేరి, ఆమె యిచ్చిన చిన్న రేడియోను చెవియొగ్గి వినుచుంటిమి. ఒకరు పేరుపేరున పిలుచుచుండగా, పిలిచినవారే పలుకుచుండిరి. ఒకరి మాటకు మఱొకరు అడ్డురాలేదు. పెద్దమ్మ వంతు వచ్చెను. “వడగండ్లు గోల్ఫు బంతులంత. మబ్బు అడుగున గోడవంటిది దిగినది. తిరుగుట కానరాదు.” అంతే. కొంతసేపటికి మరల అదే మాట. కానరానిది కానరాదనుటయు వారికొక వార్తయే యట. చూచినదానికి కొంత చేర్చి చెప్పు అలవాటుగల మాకు సిగ్గు తోచినది.

తరువాత ఆమెను పిలిచినను బదులు లేదు. రెండవసారి పిలిచిరి. మా చెల్లెలు మా చేయి పట్టుకొన్నది. పదిహేను నిమిషములకు గాని ఆ గొంతు మరల వినబడలేదు. వడగండ్లకు కారు ముందరి అద్దము పగిలి, ఆమె మఱొకచోటికి జరిగినదట. సుడిగాలి దిగలేదు. రాత్రి తడిసివచ్చిన యామెకు మేము అల్లము టీ కాచియిచ్చితిమి. ఘాటని మొగము చిట్లించియు రెండు గిన్నెలు త్రాగినది.

మఱునాడు మా అత్తగారికి ఫోనులో ఇదంతయు చెప్పితిమి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు ఆమె పదునెనిమిదేండ్ల పడుచు. ఇద్దఱు తమ్ములను పోగొట్టుకొన్నారు. తుపాను వచ్చునని రేడియోలో చెప్పినట్లు ఊరిలో ఎవరో అనిరట. ఏటేట వినునదే యని ఇంటిలో ఒక్కరును కదలలేదట.

అత్తగారు చాలసేపు పలుకలేదు. పిదప, “ఆ పెద్దమ్మ చెప్పగానే అందఱును లేచి మాళిగలోనికి పోవుదురా?” అని యడిగిరి.

మేము పోయితిమని చెప్పితిమి.