దత్తతకు ముందు రెండేళ్లు

పాప మా ఇంటికొచ్చేసరికి ఎనిమిదేళ్లు నిండాయి. బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఫోస్టర్ కేర్ ఉత్తర్వు మీద వచ్చింది. అలా కనీసం రెండేళ్లు పెంచాక, అన్నీ కుదిరితే దత్తత తీసుకోవచ్చు. 2022 నిబంధనలకు ముందు ఈ గడువు ఐదేళ్లు. స్కూలు ఫీజు, బట్టలు, కళ్లజోడు, పళ్ల డాక్టరు అంటూ మా ఆయనా నేనూ ముందే లెక్కలేసుకున్నాం. అవి ఏ ఇంట్లోనైనా ఉండే ఖర్చులే. మమ్మల్ని ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఆ రెండేళ్లూ పాప మా ఇంట్లో ఉంటుంది గానీ, మా డబ్బు కాగితాల్లో ఎక్కడా ఉండదు.

ముందు ఆరోగ్య బీమా దగ్గర ఆగింది. ఆఫీసు గ్రూప్ పాలసీలో చేర్చమంటే జనన ధ్రువపత్రమో, దత్తత ఉత్తర్వో తెమ్మన్నారు. హెచ్ఆర్ అమ్మాయి మా ఫోస్టర్ ఉత్తర్వును అటూ ఇటూ తిప్పి చూసి, "సిస్టమ్‌లో కొడుకు, కూతురు తప్ప ఇంకో ఆప్షన్ లేదు మేడమ్" అంది. వాదించి లాభం లేదని లక్షన్నర విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. ఆస్పత్రికి తప్ప ఇంకెందుకూ ముట్టుకోకూడదని షరతు పెట్టుకున్నాం.

పీఎఫ్‌దీ అదే కథ. కుటుంబం ఉన్నవాళ్లు కుటుంబ సభ్యుల్నే నామినీగా పెట్టాలి. చట్టప్రకారం దత్తత తీసుకున్న బిడ్డ కుటుంబమే, ఫోస్టర్ బిడ్డ కాదు. మాకేమైనా అయితే వారసత్వంగా పాపకు రూపాయి రాదు. దానికి మందు వీలునామా ఒక్కటే. స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు. కమిటీ ఉత్తర్వు నంబరు వేసి, పాప ఎవరో స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాం. మైనరు కాబట్టి డబ్బు చూసే బాధ్యత మా తమ్ముడికి అప్పగించాం.

"ఇంకా దత్తతే కాలేదు, అప్పుడే రాయడమేంటక్కా?" అన్నాడు వాడు.

"కాలేదు కాబట్టేరా రాస్తున్నది" అన్నాను.

సుకన్య సమృద్ధికి వయసు అడ్డొచ్చింది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో ఆ ఖాతా తెరవాలి. ఎనిమిదికి రెండు కలిపితే పది నిండిపోతాయి. అందుకని నా పేరు మీదే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు రూ.5,000 సిప్ మొదలుపెట్టి, ఆ ఫోలియో నంబరూ వీలునామాలో చేర్చాం. కాలేజీకి చాలా ఏళ్లుంది గనక మార్కెట్ ఒడుదొడుకులు తట్టుకోవచ్చనుకున్నాం.

ఫోస్టర్‌లో ఉన్న పిల్లలు సొంతవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లే అవకాశమూ ఉంటుంది. అప్పుడీ సిప్ సంగతేంటని మా ఆయన అడిగారు. ఒక రాత్రంతా మాట్లాడుకుని, పాప ఎక్కడున్నా ఆ డబ్బు పాప చదువుకేనని తేల్చుకున్నాం. ఆ మాట అనుకున్నాకే మొదటి వాయిదా కట్టాం.

మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ బిడ్డకు నెలకు రూ.4,000 సాయం ఉంది. దాన్ని ఇంటి బడ్జెట్‌లో కలపలేదు. సర్కారు డబ్బు ఒక నెల ఆలస్యమైతే పాలవాడికి బాకీ పడకూడదు కదా.

రెండేళ్లు నిండాక దత్తతకు వెళ్లాం. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా మెజిస్ట్రేట్ ఇస్తున్నారు. ఐదేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా కావాలి. పాప సరేనంది. ఉత్తర్వు చేతికి రాగానే జనన ధ్రువపత్రం, తర్వాత గ్రూప్ పాలసీ, పీఎఫ్ నామినేషన్ వరసగా మార్పించాం. ఆస్పత్రి కోసం దాచిన డిపాజిట్‌ను చదువు నిధిలో కలిపాం. వీలునామా కూడా కొత్తగా రాయించాం.

ఈ దారిలో వెళ్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, నెలకు ఎంతవుతుందని. ఎంతైనా సర్దుకోవచ్చు. మీరు లేకపోతే ఆ బిడ్డ పేరున ఏం మిగులుతుందో ముందు చూసుకోండి. పిల్ల మంచం కొనేలోపే వీలునామా రాయండి.