పాత మోటారు సైకిలు - పాఠ పరిష్కారం

మనుషులకు జాతకాలున్నట్లే యంత్రాలకూ ఉంటాయి. అవి తాటాకుల మీద గాక ఇనుము మీద చెక్కబడి ఉంటాయి, అంతే భేదం. ఈ సంగతి నాకు బోధపరచినది మా పెరటి పాకలో చాలాకాలంగా కదలక నిలిచిన బి.ఎస్.ఎ. ఎం-20 మోటారు సైకిలు. యుద్ధానంతరం సైన్యం అమ్మివేసిన మిగులు వాహనాలలో మా దాదా దానిని కొన్నారు. అది బర్మా రణరంగం చూసి వచ్చిన బండి అని ఆయన చెప్పేవారు. మా అబ్బాజాన్‌కు ఆ మాట శిలాశాసనం.

ఆ మాటకు ఆధారం వెదకాలని నాకు బుద్ధి పుట్టింది.

ఎం-20 పుట్టినిల్లు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం, స్మాల్ హీత్ కర్మాగారం. ఒంటి సిలిండరు, 496 సి.సి. ఇంజను, వేగం తక్కువ, ఓపిక ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇటువంటివి సుమారు 1,26,000 తయారయ్యాయి. 1940 నవంబరు 19 రాత్రి జర్మను విమానాలు ఆ కర్మాగారంపై బాంబులు వేయగా 53 మంది కార్మికులు మరణించారు. అయినా యుద్ధం ముగిసేవరకు అక్కడినుండి బండ్లు వస్తూనే ఉన్నాయి. సైనిక వార్తాహరులు వాటిపైనే ఉత్తరువులు చేరవేసేవారు.

ఇటువంటి బండి పూర్వచరిత్రకు మూడు ఆనవాళ్లు. ఫ్రేముపై ఒక సంఖ్య, ఇంజనుపై ఒక సంఖ్య, పెట్రోలు ట్యాంకుపై 'సి' అక్షరంతో మొదలయ్యే సైనిక సంఖ్య. మొదటి రెండింటిని కర్మాగారపు దస్త్రాలతో సరిచూస్తే ఆ బండి ఏ కాంట్రాక్టు కింద తయారైనదో తెలుస్తుంది. మూడవది రంగుతో రాసినది గనుక పై పూతల కింద మరుగున పడుతుంది. శోధకులు తడిపిన సన్నని గరుకు కాగితంతో పొర తరువాత పొర మెల్లగా రుద్ది ఆ అంకెలను వెలికి తీస్తారు. తాళపత్ర ప్రతులలో పాఠాంతరాలు చూసిన తెలుగు పండితునికి ఇది కొత్త విద్య కాదు. సైనిక మరమ్మతు శాలలలో ఒక బండి ఇంజను మరొక బండికి అమర్చడం కద్దు. అది ప్రక్షిప్త పద్యం వంటిది.

మా బండి ఫ్రేముపై 'డబ్ల్యు.ఎం. 20' అనే అక్షరాలున్నాయి. సైన్యం కోసం తయారైనదనడానికి అది సాక్ష్యం. ట్యాంకు మీద ఎవరో ఎప్పుడో పాత రంగంతా గీకివేశారు. సైనిక సంఖ్య దొరకలేదు. దొరికినా బర్మా రుజువు కాదు. లండనులోని క్యూ వద్ద జాతీయ ప్రాచీన పత్రాలయంలో దళాల యుద్ధ దినచర్యలున్నాయి. అవి దళాల కదలికలను చెబుతాయి గాని, ఏ సైనికుడు ఏ సంఖ్య గల బండి నడిపాడో చెప్పడం అరుదు.

మా కళాశాల ప్రదర్శనలో ఆ బండిని ఉంచినప్పుడు పక్కన పెట్టే అట్ట మీద ఏమి రాయాలన్నది సమస్య అయింది.

"బర్మా అని రాయవేం బేటా? మీ దాదా అబద్ధమాడారా?" అన్నారు అబ్బాజాన్.

"దాదా విన్నది చెప్పారు అబ్బా. నేను ఇనుము మీద ఉన్నది రాస్తాను" అన్నాను.

చివరకు రెండు పంక్తులు రాశాను. మొదటిది ఫ్రేము చెప్పిన మాట. రెండవది, 'బర్మా నుండి వచ్చినదని మా ఇంటివారి కథనం.' అబ్బాజాన్ రెండుసార్లు చదివి ఊరకున్నారు.

ఆ యుద్ధంలో భారత సైన్యం సుమారు 25 లక్షలకు పెరిగింది. 1944లో ఇంఫాల్, కోహిమా దారులలో వార్తలు మోసిన వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? వెళ్లిందో లేదో తెలియని బండికి ఆ కీర్తి కట్టబెడితే, నిజంగా వెళ్లినవాని వాటా నుండి అంత తీసుకున్నట్లే. తెలిసినది తెలిసినంత మేరకే చెప్పడం పేరు మిగలని ఆ సైనికునికి మనం చేయగల మర్యాద.