కీళ్లలో కబురు

కరోనా రోజుల్లో టీవీ పెడితే చాలు, సైటోకైన్ స్టార్మ్ అనేవాళ్లు, గుర్తుందా? 2021లో టొసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం హైదరాబాద్‌లో జనం ఎన్ని మందుల షాపులు తిరిగారో కూడా గుర్తుండే ఉంటుంది. ఆ మందు కరోనా కోసం పుట్టింది కాదండీ. అప్పటికి చాలా ఏళ్ల ముందునుంచే దాన్ని కీళ్లవాతానికి, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి వాడుతున్నారు. ఐఎల్-6 అనే సైటోకైన్ చెప్పే కబురు కణాల చెవిన పడకుండా అడ్డం పడుతుంది.

సైటోకైన్లంటే మన రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే చిన్నచిన్న ప్రొటీన్లు. ఎక్కడో క్రిమి దూరిందని ఒక కణం వాటిని వదిలిందా, ఊళ్లో దండోరా వేసినట్టు మిగతావన్నీ లేచి కూర్చుంటాయి. వాపు, వేడి, నొప్పి అన్నీ ఆ హడావుడే. క్రిమి చచ్చాక సద్దుమణగాలి. కీళ్లవాతంలో చంపడానికి క్రిమే ఉండదు, ఇక సద్దుమణిగేదెప్పుడు?

ఈ జబ్బున్నవాళ్లను పొద్దున్నే చూడాలి మీరు. వేళ్ల మొదళ్లలో, నడిమి కణుపుల్లో వాపు. కాఫీ గ్లాసు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోవు. జాకెట్టు హుక్కులు పెట్టడానికి ఇంకొకరు రావాలి. గంటో రెండు గంటలో గడిస్తేగానీ చెయ్యి స్వాధీనంలోకి రాదు. మధ్యాహ్నానికి కాస్త పని చేస్తూ కనబడితే, ఇంట్లోవాళ్లే “బాగానే ఉన్నావుగా” అంటారు. ఒళ్లు మండదూ!

1980ల్లో ఒక చిక్కుండేది. వాచిన కీలులో సైటోకైన్లు ఒకటా రెండా? ఒకదాని నోరు మూయిస్తే దాని పని ఇంకొకటి అందుకుంటుంది, ఏం లాభం అనుకునేవాళ్లు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, ఫియోనులా బ్రెనన్, మన పంజాబ్‌లో పుట్టిన రవీందర్ మైనీ మాత్రం ఊరుకోలేదు. రోగుల కీళ్ల లోపలి పొర నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి, టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్‌ను పట్టేసే యాంటీబాడీ కలిపారు. టీఎన్‌ఎఫ్ సరే, ఐఎల్-1 అనే ఇంకో సైటోకైన్ కూడా తగ్గిపోయింది! 1989లో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత చూస్తే ఐఎల్-6దీ అదే దారి. అంటే మిగతావి టీఎన్‌ఎఫ్ వెనకాల నడుస్తున్నాయన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే.

1992లో లండన్ చారింగ్ క్రాస్ ఆస్పత్రిలో 20 మంది రోగులకు టీఎన్‌ఎఫ్‌ను పట్టేసే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే యాంటీబాడీ ఎక్కించారు. కొద్ది వారాల్లోనే వాపులు దిగాయి. మందు ప్రభావం తగ్గాక జబ్బు తిరగబెట్టింది, మళ్లీ ఎక్కిస్తే మళ్లీ దిగింది. తర్వాత ఇలాంటి మందులు చాలా వచ్చాయి. వాటిలో ఒకటైన అడాలిముమాబ్‌కు నకలు మందు 2014లో జైడస్ మన దేశంలోనే తెచ్చింది. అయినా మామూలు ఇంటికి బరువే.

అయితే టీఎన్‌ఎఫ్ ఒట్టి దుర్మార్గురాలు కాదు. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్షయ క్రిమి చుట్టూ కణాలను గోడలా నిలబెట్టేదీ అదే. దాన్ని అణిస్తే గోడ సడలుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 70 మందికి క్షయ వచ్చినట్టు 2001లో బయటపడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుని చూస్తే జబ్బు ఇంకాస్త ముదిరింది. ఇమ్యూనిటీ పెంచుతామని పొడులూ కషాయాలూ అమ్మేవాళ్లను నేను అడగాలనుకునేది ఒక్కటే: ఈ సైటోకైన్లలో ఏది పెంచుతారు నాయనా?

మీ వాళ్లెవరైనా వేళ్ల నొప్పులని వెళ్తే డాక్టరుగారు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష రాశారనుకోండి, డబ్బులు గుంజడానికేనని విసుక్కోకండి. క్షయ దాగి ఉన్నట్టు తేలితే ముందు దానికి మాత్రలు మొదలుపెట్టి, కనీసం నెల ఆగాకే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ ఇస్తారు.