ముగ్గురమే మిగిలాం అక్కా

"అక్కా, యూనిట్‌ల ముగ్గురమే మిగిలినం. ఏప్రిల్ 14 ఎట్ల చేయాలె?" నేను చదివిన యూనివర్సిటీ నుంచి ఓ తమ్ముడి ఫోన్. ముగ్గురూ పీజీ ఫైనలియరే. జూన్‌లో వెళ్ళిపోతే బాబాసాహెబ్ పటం, బ్యానర్ ఎవరి గదిలో పెట్టాలో కూడా తెలియదట.

వాడికి ఆల్ఫా ఫై ఆల్ఫా గురించి చెప్పాను. ఫ్రెటర్నిటీ అంటే మనకు హాలీవుడ్ సినిమాల్లో తెల్లపిల్లల పార్టీలే గుర్తొస్తాయి. కానీ ఇది 1906లో కార్నెల్‌లో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్నది. దానికి కొద్దికాలం ముందే ఆ క్యాంపస్‌లో ఆరుగురు నల్లపిల్లలు మరుసటి ఏడాదికి తిరిగి రాలేదు. మిగిలినవాళ్ళు ముందు మొదలుపెట్టింది కలిసి చదువుకునే చిన్న గుంపు. మన డ్రాపవుట్ల కథే కదా! 1913లో హోవర్డ్‌లో 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటా పెట్టారు. ఆ మార్చిలోనే వాషింగ్టన్‌లో ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు.

నాకు ముఖ్యమనిపించేది వేరే. వాళ్ళ సభ్యత్వం డిగ్రీతో అయిపోదు. ఉద్యోగస్తులకు ఊరూరా వాళ్ళ చాప్టర్లుంటాయి, చందా కడతారు. క్యాంపస్ చాప్టర్ పడిపోతే మళ్ళీ నిలబెట్టడానికి వాళ్ళే దిగుతారు. ఒక్కో కాలేజీలో పిల్లలు తక్కువైతే నాలుగైదు కాలేజీలు కలిసి ఒకే చాప్టర్ నడుపుకుంటాయి.

అక్కడా మచ్చలున్నాయి. కొత్తవాళ్ళను హింసించే ఆచారాన్ని ఆపాలని 1990లో పాత చేరిక పద్ధతినే రద్దు చేశారు. చాటుగా అది ఆగలేదు, దానివల్ల మూతబడ్డ చాప్టర్లున్నాయి. మన దగ్గర దెబ్బలు లేవు, అన్నల ఉపన్యాసాలున్నాయి. ఫస్టియర్ అమ్మాయిని మూడు గంటలు కూచోబెట్టి, చివర్లో టీ గ్లాసులు ఎత్తమంటాం. రెండోసారి ఎందుకొస్తుంది? నేనూ ఎత్తాను. తర్వాత నేనూ ఎత్తించాను.

అంతా విని తమ్ముడు, "మరి మీరెందుకు వస్తలేరు అక్కా?" అన్నాడు.

ఉద్యోగమొచ్చాక ఆ వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టింది నేనే. నాలుగేళ్ళయింది. ఆ రాత్రి తెరిచి మా బ్యాచ్‌లో 11 మందికి రాశాను: నెలకు 500, నెలకో ఆదివారం హాస్టల్లో కొత్త పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు నింపుదాం, ఉపన్యాసం వద్దు. ఆరుగురు "జై భీమ్" పెట్టారు. వస్తానన్నది ఇద్దరు.

ఈ ఆదివారం పోతున్నాం. పటం జూన్ తర్వాత మా ఇంట్లో ఉంటుందని చెప్పాను. "తాత్కాలికంగనే అక్కా" అన్నాడు తమ్ముడు, కొంచెం గట్టిగానే.