ఇంజనుపైని అంకెలు

క్రొత్త వస్తువును అమ్ముట సులభము. దానికి గడచిన చరిత్ర లేదు. పాతదానిని బాగుచేసి అమ్మునప్పుడే అమ్మువాని మనస్సు పరీక్షకు వచ్చును. రంగు వేసిన పిమ్మట లోపలి సంగతి అతనికి మాత్రమే తెలియును గదా!

మా వడమాలపేట ప్రాంతమున గతించిన ఒక ఉపాధ్యాయుని ఇంట 1958వ సంవత్సరపు రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు ఒకటి యుండెను. పశువుల కొట్టములో తుప్పుపట్టిన దానిని ఆయన కుమారుడు, తిరుపతి మెకానిక్కు సాయముతో ఎనిమిది నెలలు శ్రమపడి నడుచునట్లు చేసెను. కుమార్తె నర్సింగు చదువునకు ఫీజు కట్టవలెను. ప్రకటన వ్రాసిపెట్టుమని నాయొద్దకు వచ్చెను.

“ఇంగ్లండు బండి అని రాయండయ్యగారూ. అట్లయితే రెండింతలు వస్తాదని బేరగాడు చెప్పినాడు” అనెను.

ఈ బండి పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. ఎన్‌ఫీల్డులోని తుపాకుల కర్మాగారమునకు భాగములు చేసియిచ్చినందున ఆ పేరు వచ్చెను. ఆ కంపెనీ 1901లో మొదటి మోటారుసైకిలును, 1932లో బుల్లెట్టు అను పేరుగల దానిని చేసెను. 1955లో మద్రాసు మోటార్సువారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడెను. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను మద్రాసులో బిగించిరి. క్రమముగా భాగములన్నియు ఇక్కడనే చేసిరి. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడెను. మద్రాసు బుల్లెట్టు మాత్రము 1977 నుండి ఇంగ్లండుకే ఎగుమతియాయెను. కూతురింటి నుండి పుట్టింటికి సారె వెళ్లినట్లైనది!

“మద్రాసు పేరు చెప్పుటకు సిగ్గెందుకు, నాయనా?” అంటిని. మద్రాసులో బిగించినదనియు, కార్బురేటరు పాత ఆమల్ కాక ఇక్కడి మిక్‌కార్బు అనియు వ్రాయుటకు అతడొప్పుకొనెను.

రెండవ సంగతి కష్టమైనది. వెనుకటికి ఒకప్పుడు ఇంజను పెట్టె పగిలినందున తండ్రి వేరొకటి వేయించెను. దానిమీది అంకెలకును రిజిస్ట్రేషను పుస్తకములోని అంకెలకును పొంతన లేదు. పాత అంకెలు కొట్టిచ్చెదను, ఐదు నిమిషముల పని అని మెకానిక్కు ధైర్యము చెప్పెను.

ఆ ఐదు నిమిషముల పనిలో ఎంత యున్నదో చూడుడి. 2021లో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకు వేరుగా నియమములు చేసెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటియుండవలెను. చాసిస్సు, ఇంజను మూలరూపమున నుండవలెను. అట్టిదానికి 20,000 రూపాయల రుసుముపై 10 ఏండ్లు చెల్లు రిజిస్ట్రేషను ఇత్తురు. ప్రదర్శనలకు తీసికొనిపోవచ్చును గాని దినదినము నడుపరాదు. ఈ ఆశతో కొన్నవాడు పరీక్షలో దొరికిపోయినచో, నష్టమును నేరమును అతని నెత్తినే పడును. సంతలో తప్పుడు తూకము వేయుటకు దీనికిని భేదమేమి? మన పుత్తూరు కట్టు వైద్యుడు విరిగిన ఎముకను సరిచేయును గాని, అది విరుగనేలేదని చీటీ వ్రాసియ్యడు.

అతడు చాలసేపు పలుకలేదు. అప్పుడు వాని తల్లి లోపలి నుండి ఒక లెక్కల పుస్తకము తెచ్చెను. బండికి చేయించిన ప్రతి పనియు, పెట్టె మార్చిన దినముతో సహా, ఉపాధ్యాయుని చేతివ్రాతలో నుండెను.

“మీ నాయన రాసిపెట్టినాడు గదరా. ఆయన రాసింది నువ్వు చెరపొద్దు” అని ఆమె బండి సీటుపై ఆ పుస్తకము నుంచెను.

ప్రకటన ఉన్నదున్నట్లే వెళ్లెను. మొదట వచ్చినవాడు అంకెల సంగతి విని తిరిగిపోయెను. రెండు నెలలకు, నడుపుకొనుటకే కావలెనన్న యొకడు తక్కువ ధరకు కొని, ఆ పుస్తకము కూడ అడిగి తీసికొనిపోయెను. చాలని సొమ్ము కొరకు ఆ ఇంటివారు పాడియావును అమ్మిరి.

సత్యము చెప్పినందున లాభము కలిగెనని నేను మీకు చెప్పజాలను. ఆవు పోయినమాట నిజము. అయితే ఆ మాటలన్నియు జరుగుచుండగా మనుమరాలు గడపయొద్ద నిలిచి వినుచుండెను. రేపు ఏదో యాస్పత్రిలో, అర్ధరాత్రి ఎవరును చూడని వేళ, రోగి జ్వరమెంతయో చూచి అంతే వ్రాయవలసిన పిల్ల. అంకెలను ఎట్లు వ్రాయవలెనో ఆమె తన యింటనే నేర్చుకొన్నది. మన యిండ్లలోను పిల్లలు గడపయొద్ద నిలిచియున్నారు సుమండీ.