టమాల్పయసు కొండమీద సైకిలుయాత్ర

మేమిరువురము అక్కచెల్లెండ్రము. మాలో పెద్దదానికి అరువదియొక యేండ్లు, చిన్నదానికి ఏబదియెనిమిది. 2024వ సంవత్సరము అక్టోబరు నెలలో కాలిఫోర్నియాయందున్న చిన్నదాని కూతురింట నుండగా మేము సైకిళ్లెక్కి కొండ దిగితిమని వినినప్పటినుండి మా బంధువులలో కొందరు నవ్వుచున్నారు, కొందరు కోపగించుచున్నారు. కావున నిజముగా జరిగినదేమో, మాలో నొకతె యాడిన యబద్ధముతో గూడ, సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మొదట మా చిన్ననాటి మాట యొకటి చెప్పవలెను. మాది కొవ్వూరు. మా యన్నగారికి నల్లని పెద్ద సైకిలుండెడిది. అది యెదిగిన మగవాని కొలతకు చేసినది. సీటుమీద కూర్చుండిన మా కాళ్లు పెడళ్లకందవు. అందుచే కమ్మీసందున కాలు దూర్చి, ఒడలు ప్రక్కకు వంచి, గోదావరిగట్టున త్రొక్కుచుండెడివారము. 1976వ సంవత్సరమున, పెద్దది పదుమూడేండ్ల పిల్లయై యున్నప్పుడు, గట్టు వాలులో పడి మణికట్టు విరుగగొట్టుకొనెను. కట్టు విప్పిననాడే మా నాయనమ్మ “ఆడుపిల్లలకు సైకిలు పనికిరాదు” అని తీర్పు చెప్పినది. ఆమె మామీది ప్రేమచేతనే అనినది. పెద్దది మాత్రము ఆ మాటను “నేనే సైకిలునకు పనికిరాను” అని మార్చి మనస్సులో వ్రాసికొని, నలువదియెనిమిదేండ్లు దాచుకొన్నది.

సానుఫ్రాన్సిస్కో నగరమునుండి 1937లో తెరచిన గోల్డెను గేటు వంతెన దాటి యుత్తరముగా పోయినచో మారిను అను జిల్లా వచ్చును. దాని నడుమ టమాల్పయసు కొండ నిలిచియున్నది. శిఖరము సుమారు 2,570 అడుగుల యెత్తు. మన తిరుమల కొండకంటె తక్కువయే గాని, సముద్రమునకు మిక్కిలి చేరువ నుండుటచే ఉదయమున మంచు దానిచుట్టును పాలపొంగువలె లేచును. ఈ ప్రాంతమే కొండసైకిలునకు పుట్టినిల్లని ప్రసిద్ధి. కొండయుత్తరమున ఫేర్‌ఫాక్సు అను చిన్న యూరిలో 2015లో తెరచిన సైకిళ్ల మ్యూజియము కలదు. మా అమ్మాయి మమ్ము ముందుగా నచ్చటికి దోడ్కొని పోయెను.

1970వ దశాబ్దమున అచ్చటి యువకులు కొందరు 1930, 40ల నాటి పాత ష్విన్ను సైకిళ్లను సంపాదించి, లావు టైర్లు తొడిగి, కొండబాటలలో దిగుట కారంభించిరి. ఊరిప్రక్క కొండమీదినుండి రెండు మైళ్ల దూరములో 1,300 అడుగులు దిగు బాట యొకటి కలదు. అప్పటి సైకిళ్లకు పెడలు వెనుకకు త్రొక్కినచో పట్టుకొను బ్రేకు వెనుకచక్రపు ఇరుసులోనే యుండెడిది. ఒక్కసారి కొండ దిగునప్పటికి ఆ వేడికి అందలి గ్రీజు కరగి పొగయైపోయెడిదట. మరల గ్రీజు కూరవలసి వచ్చుటచే ఆ బాటకు ‘రీపాకు’, అనగా ‘మరల కూరుట’, అని పేరు వచ్చెను. అచ్చటి మొదటి పందెము 1976 అక్టోబరు 21వ తేదీన జరిగినది. ఆ సంవత్సరము చదివి మేమిద్దరము ఒకరి ముఖము నొకరు చూచుకొంటిమి. మా సైకిలు మూలబడినది ఆ యేడే కదా!

ఆ మగవారి నడుమ వెండీ క్రాగ్ అను స్త్రీ కూడ నుండెను. తొలినాటి ఛాయాచిత్రములు పెక్కులు ఆమె తీసినవే. ఆమె కేవలము చిత్రములు తీయుచు నొడ్డున నిలుచుండలేదు. సుమారు ఏబది పౌనుల బరువుగల సైకిలు నెక్కి రీపాకు బాటను 5 నిమిషముల 27 సెకండ్లలో దిగినది. స్త్రీలలో అదియే ఆ బాటపై రికార్డు. పురుషులలో గారీ ఫిషరుది 4 నిమిషముల 22 సెకండ్లు. తరువాత జాకీ ఫీలను అను నామె 1983 మొదలు వరుసగా మూడేండ్లు అమెరికా దేశపు కొండసైకిలు పందెములలో స్త్రీలకు మొదటిదై నిలిచి, 1987లో స్త్రీలకొరకు ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘము పేరులో కొండసైకిలుతోబాటు తేనీరు కూడ నున్నది! పందెము మాట దేవుడెరుగును, తేనీటికి మేము తప్పక తగుదుమని చిన్నది నవ్వెను.

ఆ తొలి సైకిళ్లకు స్ప్రింగులు లేవు. రాయి తగిలిన దెబ్బ యంతయు చేతులకును నడుమునకును వచ్చెడిది. గాలియు నూనెయు నింపిన ముందు ఫోర్కులు 1989 ప్రాంతమున బయలుదేరి, పిమ్మట వెనుకచక్రమునకు గూడ షాకబ్జార్బరు వచ్చినది. ముందు మాత్రము షాకు గలవి యొక తెగ. ముందు వెనుకలకు రెంటికిని గలవి యింకొక తెగ. ఏది కొనవలెనని యడిగినచో మా అమ్మాయి యిట్లు చెప్పెను. మెత్తని మట్టిబాటలకు మొదటి తెగ చాలును. అది తేలిక, వెల తక్కువ, చెడిపోవు కీళ్లు తక్కువ. రాళ్లు, వేళ్లు, గతుకులు గల దిగుడు బాటలకు రెండవ తెగ మేలు. వెనుకచక్రము నేలను విడువక పట్టుకొనును గనుక బ్రేకు జారదు, నడుము నలగదు. కాని తరచుగ ముప్పది పౌనులకు పైబడి తూగును, వేల డాలర్లు పలుకును, కీళ్లలోని బేరింగులను ఏటేట చూచుకొనవలెను. ఈ కారణముచే మొదట అద్దెకు తీసికొని త్రొక్కి చూచి, పిదప కొనుట తెలివి. చట్రము కొలత సీటును బట్టి కాక మన యెత్తునుబట్టి, నిలుచున్నప్పుడు చేతులు హాండిలునకు అందు తీరునుబట్టి ఎంచవలెను. సీటు దించవచ్చును, ఎత్తవచ్చును. చట్రము పొడవును సాగదీయలేము.

ఇంటియొద్ద చదునైన తోటబాటలో రెండు వారములు అభ్యాసము చేసినపిమ్మట, ఒక శనివారమునాడు ఆ ప్రాంతపు అద్దె దుకాణమునకు పోయితిమి. తలకు హెల్మెట్లు, మోకాళ్లకు తొడుగులు ఇచ్చిరి. చీరకుచ్చెళ్లు గొలుసునకు చిక్కునని ఇంటివద్దనే పైజామాలు ధరించియుంటిమి. దుకాణపు కుర్రవాడు చిన్నదానిని సైకిలుపై కూర్చుండబెట్టి, వెనుక షాకు కడ్డీమీదనున్న చిన్న రబ్బరు ఉంగరమును పైకి జరిపి, మెల్లగా దిగుమనెను. దిగి చూడగా, ఆమె బరువునకు కడ్డీ యెంత కుంగినదో ఉంగరము అంత దూరము జరిగియున్నది. షాకు మొత్తము కదలికలో నూటికి 25 మొదలు 30 పాళ్లు ఇట్లు కుంగవలెనట. కడ్డీ 50 మిల్లీమీటర్లు కదలునదైనచో 15 మిల్లీమీటర్లన్నమాట. ముందు ఫోర్కు అంతకంటె కొంచెము తక్కువ కుంగిన చాలును. ఎక్కువ కుంగినచో గాలి కొట్టవలెను, తక్కువైనచో విడువవలెను. దీనికి టైరు పంపు పనికిరాదు. టైరునకు ఇరువది, ఇరువదియైదు పౌనుల యొత్తిడి చాలగా, షాకునకు నూటికి పైబడి కావలెను గనుక వేరే చేతిపంపు కలదు.

పెద్దదాని వంతు వచ్చెను. “బరువెంత?” అని కుర్రవాడడిగెను. వెనుక నలుగురైదుగురు నిలుచుండి వినుచున్నారు. “అరువదిరెండు కిలోలు” అనెను. నిజమునకు డెబ్బదిరెండు. ఉంగరము కొలత చూతము, ఎక్కుమనగా, పరాయివారి యెదుట అదేమి పరీక్ష, అక్కరలేదని తల యడ్డముగా ఊపెను. జనము కిక్కిరిసియుండుటచే అతడును ఒత్తిడి చేయక, చెప్పిన బరువునుబట్టి పట్టిక చూచి గాలి కొట్టి ఇచ్చెను.

మా అల్లుడు కారులో సైకిళ్లను కొండనడుమనున్న పాంటోలు అను చోట దింపి పోయెను. అచ్చటినుండి పాత బండ్లబాట సుమారు రెండు మైళ్లు మెల్లగా ఎక్కును. ఎక్కునప్పుడు సైకిలు ఉయ్యాలవలె ఊగకుండ వెనుక షాకునకు చిన్న మీట కలదు. దానిని మూసి త్రొక్కితిమి. దారిప్రక్క బేలారెలు అను చెట్టు ఆకు నలిపి వాసన చూడగా పలావులో వేయు ఆకు గుప్పుమనెను. ఎఱ్ఱని బెరడు పొరలుపొరలుగా రాలు మాడ్రోను చెట్లు, ఎండి బంగారువన్నె గొన్న గడ్డి, దిగువను మంచు. బాట చివర 1904లో కట్టిన వెస్టుపాయింటు సత్రము వచ్చును. దాని వసారాలో కూర్చుండి, సానుఫ్రాన్సిస్కో నగరమును సముద్రపు పాయను చూచుచు, తెచ్చుకొన్న పులిహోర తింటిమి.

సత్రమునుండి మిల్‌వ్యాలీ యూరివఱకు దిగుబాట యొకప్పటి రైలుకట్ట. 1896 మొదలు 1930 వఱకు ఈ కొండపై పొగబండి నడచినది. దాని దారిలో 281 మలుపులుండెడివి. ఇంజను లేకయే వాలువెంట జారు చిన్న పెట్టెలలో, బ్రేకు పట్టువానిని నమ్మి, జనులు వేడుకగా దిగెడివారు. పట్టాలు పోయినవి. రైలుకట్ట గనుక వాలు సౌమ్యమే, కాని పైభాగమున రాళ్లు మెండు.

దిగుట ఆరంభించిన కొంతసేపటికే పెద్దదానికి కష్టము మొదలయ్యెను. పెడలు రాళ్లకు తగులును. గతుకులో పడినప్పుడెల్ల వెనుక ‘ధన్’ మని మ్రోయును. చిన్నది సుఖముగా ముందు పోవుచున్నది. మూడవ మలుపున సైకిలు ప్రక్కకు విసరివేసినట్లై పెద్దది దిగి, దానిని బండకానించి, “నేను నడచివచ్చెదను. నాయనమ్మ చెప్పినమాటే నిజము” అని మణికట్టు పట్టుకొని కూర్చుండెను. ఆ మణికట్టునకు ఆనాడు దెబ్బయే తగులలేదు.

మా అమ్మాయి మాటాడక సైకిలు వెనుక వంగి చూచి, “పెద్దమ్మా! ఈ ఉంగరము కడ్డీ చివరికి పోయినది. నీవు చెప్పిన బరువునకు ఇట్లు కాకూడదే” అనెను. పెద్దది చాలసేపు దిగువ మంచువైపు చూచెను. పిదప, “డెబ్బదిరెండు” అని మెల్లగా చెప్పెను. చిన్నది నవ్వబోయి, అక్క కండ్లలోని నీరు చూచి మానినది.

అమ్మాయి తన సంచిలోని చేతిపంపు తీసి గాలి కొట్టెను. చిన్నది హాండిలు పట్టుకొనగా పెద్దది యెక్కి దిగెను. రెండుసార్లు సరిచేయగా ఉంగరము చెప్పినచోట నిలిచినది. గాలి పెరిగినచో షాకు కుంగి లేచునప్పుడు త్వరపడి పైకి తన్నును. దానిని అదుపు చేయు ఎఱ్ఱ బిరడామీద ఒకవైపు తాబేలు, ఒకవైపు కుందేలు బొమ్మలున్నవి. తాబేలువైపు రెండు మెట్లు త్రిప్పెను. “కథలో గెలిచినది తాబేలే గదా!” అని పెద్దది కన్నీటినడుమ నవ్వెను.

పిమ్మట అమ్మాయి చెప్పినట్లు సీటు దించి, రెండు పెడళ్లను సమముగా నుంచి వానిపై నిలిచి, మోకాళ్లు మోచేతులు కొంచెము వంచి, ముందుచక్రము చూడక పది పదునైదు గజముల దూరము చూచుచు, ఒక్కొక్క వ్రేలితో రెండు బ్రేకులను మెల్లగా పట్టుచు దిగితిమి. గతుకులు అవే, రాళ్లవే. ఇప్పుడవి కాళ్లక్రింద కదలుచు పోవుచున్నవి గాని నడుమునకు ఎక్కుట లేదు. ఈ బాటలలో సైకిలునకు గంటకు 15 మైళ్లు, కనబడని మలుపులలోను మనుష్యుల ప్రక్కను 5 మైళ్లు మించరాదని నియమము. మేమెన్నడును ఆ నియమమునకు భంగము కలిగింపలేదని వేరుగా చెప్పనక్కరలేదు! నడచువారికి గంట మ్రోగించి ఆగి దారి యిచ్చితిమి. రెడ్‌వుడ్డు చెట్ల నీడలో మిల్‌వ్యాలీ చేరునప్పటికి పెద్దదే ముందున్నది.

సాయంకాలము దుకాణములో సైకిళ్లు అప్పగించునప్పుడు కుర్రవాడు, “ఎట్లుండెను?” అని యడిగెను. పెద్దది అందరు వినునట్లు, “డెబ్బదిరెండు కిలోలు. వ్రాసికొనుము. మరల వచ్చెదను” అనెను. అతనికి అర్థము కాలేదు గాని వ్రాసికొన్నాడు.

కొవ్వూరు తిరిగి వచ్చినపిమ్మట చూడగా, మా యన్నగారి మనుమరాలు తన అన్న సైకిలుపై మునివ్రేళ్లమీద నిలిచి త్రొక్కుచు వాకిట పడబోవుచున్నది. లోపలినుండి ఎవరో, “నీకెందుకే!” అనిరి. సోదరీమణులారా, అట్టి మాట వినబడినప్పుడు ముందుగా పిల్లను గాక సైకిలును పరీక్షింపుడు. పెద్దది పలుమాటలాడక పానా తెప్పించి, సీటు నాలుగంగుళములు దించి బిగించి, పిల్లను మరల ఎక్కుమన్నది.