ఊపిరి కొలత

కిన్నెర మాట వస్తే ఇప్పటికీ నాకు మైనం వాసన తగులుతుంది. నాగర్‌కర్నూల్ దగ్గరి మా ఊరికి పంటలు ఇంటికొచ్చే రోజుల్లో కిన్నెరాయన వచ్చేవాడు. వెదురు బొంగు మీద మైనంతో అతికించిన మెట్లు, కింద ఎండిన సొరకాయ బుర్రలు. ఎండకు మెత్తబడ్డ మెట్టును బొటనవేలితో ఒత్తి సరిచేసుకుని పండుగ సాయన్న కథ ఎత్తుకునేవాడు. ఒక మాట పాడి ఆగేవాడు. అదే మాటను కిన్నెర మళ్లీ పలికేది. అవి ఎనిమిది మెట్లో పన్నెండు మెట్లో ఇప్పుడు చెప్పలేను. ఆయన ముఖమూ చెదిరిపోయింది. ఆ ఆగడం మాత్రం చెవిలో ఉండిపోయింది.

పందొమ్మిదేళ్లప్పుడు, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ నేనూ పాటలు రాయడం మొదలుపెట్టాను. బొంబాయి పనులకు వలసపోయే మా జనం మీద నాలుగు పేజీల పాట రాసుకుని, నాట్లప్పుడు ఊరికొచ్చి, మడి గట్టు మీద నిలబడి ఆడవాళ్లకు వినిపించాను. “ఎండిన చెరువు కట్ట మీద ఎవరి కోసమో ఎదురుచూసే ఎడ్లబండి” అని మొదలు. ఎవరూ అందుకోలేదు.

నాట్లలో పాట ఎత్తే అత్త నారుకట్ట విప్పుతూ అంది: “మంచిగనే ఉన్నది గని, వంగి నాటేటోళ్లకు అంత ఊపిరి యాడుంటది బిడ్డా?”

కాసేపు రాగం తీసింది. నడుం వంచి నాలుగు మొలకలు గుచ్చి, “చెరువెండె... బండాగె” అంది. పక్కవాళ్లు వెంటనే అందుకున్నారు. వాళ్లు వంత పాడే ఆ కాస్తసేపట్లో ఆమె తరువాతి మాట వెతుక్కునేది. దొరక్కపోతే పాత మాటే మళ్లీ ఎత్తేది. చేతులు ఆగలేదు. మడి అయ్యేసరికి పాటా అయింది. పాట కట్టడం అని మనం ఎందుకంటామో ఆ పొద్దు కళ్లారా చూశాను.

తరువాత సభల్లో ఆ పాటే పాడాను. కరపత్రంలో నా పేరే వేశారు. నేను నోరు విప్పలేదు. ఆ ఎండాకాలం అత్త మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సెక్కింది. నేను రాసింది ఆమె గురించేనని బస్సు కదిలాక గాని నాకు తట్టలేదు.

‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో దర్శనం మొగిలయ్య గొంతు, కిన్నెర విన్నప్పుడు మా వాకిలి కళ్లముందుకొచ్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ వార్త తెలిసిన రాత్రి పాత నోటుబుక్కు తీశాను. నా నాలుగు పేజీలూ చెక్కుచెదరలేదు. అత్త కట్టిన చరణాల్లో చివరిది ఎంత తలచుకున్నా రాలేదు. దాన్ని నేనెక్కడా రాసిపెట్టుకోలేదు.

ఇప్పుడు ఏ పాదం రాసినా గది తలుపు వేసుకుని, నడుం వంచి, ఆ ఊపిరికి అందుతుందో లేదో పాడి చూసుకుంటాను.